ముందు కళాశాల, తరువాత మ్యూజియం: ఎగ్మోర్‌లో నా అనుభవం

చెన్నైలోని ప్రభుత్వ లలిత కళల కళాశాలను లోపలి దాకా వెళ్లి చూడాలంటే ముందుగా ప్రిన్సిపాల్ పేరిట ఒక ఉత్తరం పెట్టుకోవడం మంచిదని సెప్టెంబరు మొదటి వారంలో నాకు తెలిసింది. మా అమ్మాయి ప్లస్ టూ చదువుతోంది. వచ్చే ఏడాది అక్కడే చేరాలని తన కోరిక. చేర్చే ముందు ఆ చోటు ఎలాంటిదో, పిల్లల చేత అక్కడ ఏం చేయిస్తారో కళ్లారా చూడాలని నా పట్టుదల. అక్కడికి దగ్గరలోనే పాంథియన్ రోడ్డు మీద ప్రభుత్వ మ్యూజియం కూడా ఉంది కనుక రెండింటినీ కలిపి చూద్దామనుకున్నాము. పెరంబూరులో ఇన్నేళ్లుగా కాపురముండి, ఆ రోడ్ల మీద లెక్కలేనన్ని సార్లు బస్సులో పోయి కూడా, ఈ రెండు ఆవరణల్లో దేనిలోనూ మేము అంతవరకు అడుగు పెట్టలేదు.

ఉత్తరం సంగతి తెలియక ముందు, ఆగస్టులో, ఊళ్లో కళాయాత్రలు నడిపే ఒక సంస్థకు తలకు 900 రూపాయల చొప్పున కట్టాము. యాత్రకు ముందు రోజు సాయంత్రం, తగినంత మంది చేరలేదు కనుక రద్దు చేశామని వాట్సాప్‌లో సందేశం వచ్చింది. డబ్బు వెనక్కి రావడానికి నెల పైనే పట్టింది. అదీ భోజనాలకు బయానా ఇచ్చేశామంటూ కొంత కోసుకుని ఇచ్చారు. చివరికి మేము సొంతంగా వెళ్లినప్పుడు అయిన ఖర్చును దీని పక్కన పెట్టి చూస్తే నవ్వు వస్తుంది, ఆ లెక్క తరువాత చెబుతాను.

ఉత్తరంలో మా ఇద్దరి పేర్లు, చిరునామా, అమ్మాయి చదువుతున్న స్కూలు, ఏయే విభాగాలు చూడదలచామో, ఫోటోలు తీయాలనుకుంటున్నామో లేదో రాసి, ఇద్దరి ఆధార్ కార్డుల జెరాక్సులు, స్కూలు గుర్తింపు కార్డు నకలు జతచేసి నేనే స్వయంగా ఆఫీసులో ఇచ్చి, నా దగ్గరున్న కాపీ మీద ముద్ర వేయించుకున్నాను. ఇంగ్లీషులో రాసి తీసుకువెళ్లాను కానీ, అక్కడ తమిళంలో రాసినవే ఎక్కువగా కనిపించాయి. పరీక్షలు, వాటి వెంట పిల్లల పనుల ప్రదర్శన ఉన్నాయని, అవి అయ్యాక ఫోన్ చేస్తామని చెప్పారు. దాదాపు మూడు వారాలు పట్టింది. నాకు ఆ జాప్యం ఇబ్బంది కలిగించలేదు, ఎందుకంటే ఈలోగా స్కూళ్లకు త్రైమాసిక సెలవులు వచ్చాయి. అయితే మాకు దొరికిన రోజు శుక్రవారం. మ్యూజియానికి వారపు సెలవు శుక్రవారమే. అక్టోబరు 2 వంటి జాతీయ సెలవు దినాల్లో కూడా మూసే ఉంటుంది. ఒకే రోజున రెండూ చూడాలనుకునేవారు వారం చూసుకోవడం అవసరం. మాకు మాత్రం ఈ విడదీత మేలే చేసింది. రెంటినీ ఒక్క పూటలో చుట్టేసి ఉంటే తరువాత చెప్పబోయేది మా కంటికి ఆని ఉండేది కాదు.

శుక్రవారం ఉదయం లోకల్ రైల్లో సెంట్రల్ దాకా వచ్చి అక్కడి నుంచి ఆటో ఎక్కాము. ఆటో అతను 120 అడిగి 80కి ఒప్పుకున్నాడు. ఈవీఆర్ పెరియార్ సాలై మీది హోరు గేటు దాటగానే పూర్తిగా పోయిందని చెప్పను, కానీ చెట్ల వల్ల చాలా తగ్గింది. గేటు దగ్గర కావలి ఆయన రిజిస్టరులో సంతకం చేయించుకుని, ఆఫీసుకు దారి చూపించాడు. ఆవరణలో ఎటు చూసినా విగ్రహాలే. ఎవరో చేసి వదిలేసిన సిమెంటు మనుషులు, రాతి ముక్కలు, తుప్పు పట్టిన ఇనుప పక్షి. వాటి మధ్య పిల్లలు చాపలు పరుచుకుని బొమ్మలు గీస్తున్నారు. మా అమ్మాయి మొహంలో వెలుగు చూసి, ఫీజు సంగతి మరిచిపోకుండా కనుక్కోవాలని నాకు నేను గట్టిగా చెప్పుకున్నాను.

ఈ కళాశాలకు 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే సర్జన్ సొంత ఖర్చుతో పునాది వేశాడు. తరువాత ప్రభుత్వం తన చేతుల్లోకి తీసుకుంది. మన పెద్దవాళ్లు ‘మద్రాసు ఆర్ట్స్ స్కూల్లో చదివాడు’ అని గొప్పగా చెప్పుకునేది ఈ చోటు గురించే. చిత్రలేఖనం నేర్పే బడి అనుకుంటాము కానీ, మొదటి నుంచీ దీని దృష్టి చేతిపనుల మీద కూడా ఉంది. ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ అనే ఇంజనీరు 1898లో అల్యూమినియం పాత్రల తయారీ ప్రయోగాలు మొదలుపెట్టింది ఇక్కడే. మన ఇళ్లల్లోని సత్తు గిన్నెల వంశవృక్షం ఒక ఆర్ట్స్ స్కూలు దగ్గర తేలుతుందని నేను ఊహించలేదు. 1929లో దేవీప్రసాద్ రాయ్ చౌధురి ప్రిన్సిపాల్‌గా వచ్చారు. ఆ పదవిలో మొదటి భారతీయుడు ఆయనే. మెరీనాలోని ‘శ్రమ విజయం’ విగ్రహం ఆయన చేసిందే. బండరాతిని కదిలిస్తున్న ఆ మనుషులకు ఈ కళాశాల కావలివాడు, ఒక విద్యార్థి నమూనాలుగా నిలబడ్డారని చెబుతారు. గేటు దగ్గర సంతకం చేయించుకున్న ఆయనను తిరిగి వెళ్లేటప్పుడు నేను కొంచెం పరిశీలనగానే చూశాను.

మమ్మల్ని శిల్ప విభాగానికి తీసుకువెళ్లింది అక్కడ మూడో ఏడాది చదువుతున్న ఒక అబ్బాయి. మేము తెలుగులో మాట్లాడుకోవడం విని, “మా యింట్లో గూడా తెలుగే ఆంటీ, మాది తిరుత్తణి పక్కన. మాట్లాడతాను గానీ చదవడం రాదు” అన్నాడు. అతని తెలుగులో సగం తమిళం ఉన్నా, లోహపు పోత గురించి చెప్పడం మొదలుపెట్టాక నాకు ఏ పదమూ అడ్డు రాలేదు. బల్ల మీద అతను మైనంతో చేసుకున్న ఒక చిన్న ఆడమనిషి బొమ్మ ఉంది. జానెడు ఎత్తు ఉంటుందేమో. దాని మడమల నుంచి, మోచేతుల నుంచి, నడుము వెనుక నుంచి మైనపు కాడలు బయటికి వచ్చి, పైన ఒక గరాటు లాంటి దానిలో కలుస్తున్నాయి. బొమ్మకు సెలైన్ పెట్టారా అని మా అమ్మాయి నవ్వింది. ఆ అబ్బాయి నవ్వకుండా, కరిగిన లోహం లోపలికి పోయేదీ, లోపలి గాలి బయటికి వచ్చేదీ ఈ కాడల దారినే అని చెప్పాడు. ముందుగా మెత్తటి మట్టిని పలుచగా పూసి ఆరబెడతారు. బొమ్మ మీది గీతలన్నీ పట్టుకునేది ఆ మొదటి పూతే. తరువాత ముతక మట్టితో మందంగా కప్పి, కాల్చి, మైనాన్ని కరిగించి పారబోస్తారు. ఆ ఖాళీలోకి లోహం పోసి, చల్లారాక మట్టిని పగలగొట్టి, కాడల మొదళ్లు కోసి, ఉలితోనూ ఆకురాయితోనూ రోజుల తరబడి సాపు చేస్తారు. మైనమూ పోతుంది, మట్టి అచ్చూ పోతుంది. కాబట్టి పోత చెడితే మళ్లీ మొదటి నుంచి రావలసిందే. “పోయినసారి చెయ్యి రాలేదు ఆంటీ, గాలి నిలిచిపోయింది” అంటూ, బల్ల కింద నుంచి ఎడమ చెయ్యి మణికట్టు దగ్గరే ఆగిపోయిన ఒక కంచు బొమ్మను తీసి చూపించాడు. దాన్ని పారేయకుండా ఉంచుకున్నందుకు అతని మీద నాకు గౌరవం కలిగింది.

ముద్రణ విభాగంలో గడిపింది కొద్దిసేపే. రాగి రేకు మీద ఆమ్లం తిన్న గీతల్లోకి సిరా నింపి, పైపైన ఉన్నదాన్ని జాలీ గుడ్డతో తుడిచి, తడి కాగితం వేసి యంత్రంలో నొక్కుతున్నారు. ఒక్కొక్క కాగితానికి అంత సేపు పడుతుందని తెలిశాక, ప్రదర్శనల్లో వాటి ధరలు చూసి పెదవి విరిచే అలవాటును మానుకోవాలనిపించింది. సెరామిక్స్ విభాగంలో ఆ రోజు కొలిమి వెలిగించలేదు. వస్త్ర విభాగాన్ని గుమ్మం లోంచే చూశాము.

భద్రపరిచిన పాత పనులను చూపించడానికి ఒక అధ్యాపకురాలు మధ్యాహ్నం సమయం కేటాయించారు. పాఠం చెప్పడానికి వాడిన ప్లాస్టర్ నమూనాలు, పూర్వ విద్యార్థుల చిత్రాలు చూశాము. ఫోటోలు తీయవద్దన్నారు, మేమూ తీయలేదు. ఇక్కడ చదివి వెళ్లిన మనవాళ్ల గురించి అడిగితే ఆవిడే ఉత్సాహంగా చెప్పుకొచ్చారు. విజయనగరం వైపు పేరు తెచ్చిన అంత్యాకుల పైడిరాజు, చెన్నైలోని నాట్య, కళల సంస్థ కళాక్షేత్రలో చిత్రకళ నేర్పిన కె. శ్రీనివాసులు, చోళమండలంలో స్థిరపడిన ఎం. రెడ్డెప్ప నాయుడు, గుడివాడ నుంచి ఇక్కడికీ ఇక్కడి నుంచి లండన్‌కూ వెళ్లిన ఎస్.వి. రామారావు, అందరూ ఈ ఆవరణలో తిరిగినవాళ్లే. చోళమండలం కళాకారుల గ్రామం 1966లో పుట్టింది కూడా అప్పటి ప్రిన్సిపాల్ కె.సి.ఎస్. పణిక్కర్ చొరవతోనే. బొమ్మలు గీసి బతకడం కుదరదని ఇళ్లల్లో అంటుంటే, బాతిక్ గుడ్డలూ చేతిపనులూ అమ్మి ఆ డబ్బుతో స్థలం కొనుక్కుని ఊరే కట్టుకున్నారు వాళ్లు. ఈ మాట నేను మా ఆయనకు చెప్పడానికి గుర్తు పెట్టుకున్నాను.

ప్రవేశ నియమాలు ఆఫీసులోనే అడిగి తెలుసుకున్నాము. మార్కులు ఒక్కటే చాలవు, చేత్తో గీసి చూపించవలసిన పరీక్ష ఉంటుంది. ఇంట్లో ఫోటోలు చూసి గీసే పిల్లలు ఎదురుగా కూర్చున్న మనిషిని గీయమంటే తడబడతారని, రైల్వే స్టేషన్‌లో కూర్చుని గీయడం అలవాటు చేసుకోమని ఆ అబ్బాయి మా అమ్మాయికి సలహా ఇచ్చాడు. ఆ సాయంత్రం సెంట్రల్‌లో రైలు కోసం ఎదురుచూస్తూనే తను మొదలుపెట్టింది. గీస్తున్నంతసేపూ ఎవరో ఒకరు వచ్చి వెనుక నిలబడి చూస్తారు; ఆడపిల్లకు అది మొదట్లో ఇబ్బందే.

మ్యూజియానికి తరువాతి మంగళవారం వెళ్లాము. ఎగ్మోర్ మెట్రోలో దిగి నడిచాము. మేము వెళ్లినప్పుడు పెద్దలకు టికెట్టు 15 రూపాయలు, కెమెరాకు రుసుము వేరుగా ఉంది. 1851లో మొదలైన మ్యూజియం ఇది. మొదటి అధికారి ఎడ్వర్డ్ బాల్ఫర్ కూడా హంటర్ లాగే సర్జన్. ఊళ్లో కళకూ పురావస్తువులకూ గూడు కట్టినవాళ్లు ఇద్దరూ డాక్టర్లే కావడం నాకు వింతగా తోచింది. ఆవరణ చాలా పెద్దది. కన్నెమెరా గ్రంథాలయం కూడా ఇందులోనే ఉంది. టికెట్టు ఇచ్చే చోట దారి అడిగితే అందరినీ ఒకే వరుసలో పంపుతారు. మేము ఆ వరుసను పక్కన పెట్టి నేరుగా అమరావతి శిల్పాల దగ్గరికి వెళ్లాము.

తెలుగువాళ్లు ఇక్కడ కాసేపు నిలబడక తప్పదు. పాత గుంటూరు జిల్లాలోని అమరావతి బౌద్ధ స్తూపం మీది రాళ్లను 18వ శతాబ్దపు చివర జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్నం కట్టించే రోజుల్లో ఇళ్లకూ గుళ్లకూ వాడారు. ఆ తవ్వకాల సంగతి విని ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఎలియట్ మరికొన్ని తవ్వించి మద్రాసుకు పంపించాడు. 1859లో వాటిలో 121 రాళ్లు ఓడెక్కి లండన్ పోయాయి, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మిగిలినవాటికి తరువాతి తవ్వకాల్లో దొరికినవి కలిసి ఇక్కడి సంగ్రహం ఏర్పడింది. మా అత్తగారిది తెనాలి పక్క. అమరావతి గుడికి ఏడాదికోసారి వెళ్లే ఆ ఇంట్లో, ఈ రాళ్లు మేముంటున్న ఊళ్లోనే ఉన్నాయన్న సంగతి ఎప్పుడూ ప్రస్తావనకు రాలేదు.

నేను ఎక్కువసేపు ఉన్నది నలగిరి ఏనుగు కథ చెక్కిన గుండ్రటి ఫలకం ముందు. దేవదత్తుడి కుట్రతో బుద్ధుడి మీదికి మదపుటేనుగును వదిలిన కథ అది. ఒకే వృత్తంలో ఆ ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది. ఎడమ వైపు రాజగృహ నగరపు వీధిలో చెలరేగుతూ ఒక మనిషిని కాలు పట్టి తొండంతో ఈడుస్తోంది. భయపడ్డ ఒక స్త్రీ పక్కనున్న మగవాడిని కరుచుకుపోయింది. కుడి వైపు అదే ఏనుగు మోకరిల్లి బుద్ధుడి పాదాల ముందు తల వంచింది. పైన మేడల కిటికీల్లోంచి ఆడవాళ్లు తొంగి చూస్తున్నారు. రెండు ఘట్టాలకూ మధ్య గీత ఏదీ లేదు. ఎక్కడ ఉగ్రం ఆగి ఎక్కడ శాంతం మొదలైందో పట్టుకోవాలని మా అమ్మాయి చాలాసేపు ప్రయత్నించి, చివరికి పుస్తకం తీసి గీయడం మొదలుపెట్టింది. రాయి లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న తెల్లటి పల్నాటి సున్నపురాయి. ఎంత లోతుగా చెక్కినా అంచులు విరగకుండా నిలవడానికి ఆ రాయి మెత్తదనం కూడా కారణమని, కళాశాలలో ఉలి పట్టుకుని చూసి వచ్చిన తను నాకు చెప్పింది. నిజానికి ఆ ఉలిని తను పట్టుకున్నది కొద్ది నిమిషాలే. అయినా ఆ కాస్తకే చూసే తీరు మారింది.

ఆ మార్పు కంచు విగ్రహాల గ్యాలరీలో మరీ స్పష్టంగా తెలిసింది. ఇంతకుముందు ఏ గుడికి వెళ్లినా అలంకరణ, హారతి, దండం. విగ్రహం ఎలా తయారైందన్న ఆలోచనే రాదు. ఇక్కడ పూలూ లేవు, పట్టుబట్టలూ లేవు. తిరువాలంగాడు నటరాజు ముందు నిలబడగానే మా అమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని, “అమ్మా, కాడలు ఎక్కడ పెట్టి ఉంటారు?” అంది. ఇద్దరమూ వెదికాము. ఒక్క మచ్చా కనిపించలేదు. కాలి కింది అపస్మారుడి దగ్గర, ఎత్తిన ఎడమ పాదం అడుగున, చేతుల సందుల్లో, ఎక్కడ చూసినా నున్నటి చర్మమే. ఈ విగ్రహానికి చుట్టూ ఉండవలసిన జ్వాలల తోరణం లేదు, గాలిలోకి విప్పారిన జటలూ లేవు; అవి లేకపోవడం వల్ల ఒళ్లు తిరిగిన తీరు మొత్తం ఏ అడ్డూ లేకుండా కనబడుతుంది. ఫ్రెంచి శిల్పి రొడాఁ ఫోటోలు మాత్రమే చూసి ఈ నటరాజు మీద రాసిన వ్యాసం ఆయన పోయిన తరువాత, 1921లో అచ్చయింది. కళాశాలలోని అబ్బాయి జానెడు బొమ్మ దోసెడు లోహంతో, లోపల బోలుగా చేసింది. ఇవి లోపల కూడా గట్టి లోహమే. అంత లోహాన్ని ఒక్క ధారగా పోసి, ఒక్క వేలూ రాకుండా పోకుండా తీసినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు. మణికట్టు దగ్గర ఆగిపోయిన ఆ కంచు చెయ్యి చూసి ఉండకపోతే ఇది నాకు తట్టి ఉండేది కాదు. అందుకే ముందు కళాశాలను, తరువాత మ్యూజియాన్ని చూడమని అడిగినవాళ్లకల్లా చెబుతున్నాను. అనుమతి కోసం ఆగవలసి వచ్చినా సరే, వరుస మార్చవద్దు.

తిరువెంకాడు అర్ధనారీశ్వరుడు, వడక్కుప్పనైయూరు రాముడి పరివారం, నాగపట్నం బౌద్ధ విగ్రహాలు కూడా ఈ గ్యాలరీకి చెందినవే. నటరాజు దగ్గరే సమయమంతా అయిపోయి వీటికి న్యాయం చేయలేకపోయాము. సాయంత్రం 5 గంటలకు మూసేస్తారు, అంతకు కాస్త ముందు నుంచే బయటికి రమ్మంటారు. ఉదయం తెరవగానే కంచు గ్యాలరీకి వెళ్లడం మేలు. మధ్యాహ్నం స్కూలు పిల్లల గుంపులు వస్తాయి, టీచర్ల అరుపులు అన్ని గదుల్లోనూ వినిపిస్తాయి.

బయటికి వస్తూ హెన్రీ ఇర్విన్ నమూనా గీసిన, 1909లో తెరిచిన ఎర్రటి ఆర్ట్ గ్యాలరీ భవనం చుట్టూ తిరిగి చూశాము. దాని ముఖానికి తాపిన గులాబి రంగు ఇసుకరాయి మన సత్యవేడు నుంచి వచ్చింది. కట్టిన కాంట్రాక్టరు నంబెరుమాళ్ చెట్టి ఇంటిపేరు తాటికొండ. ఇక్కడ మనవాళ్ల వాటా ఎంత అని వెదకనవసరం లేకుండానే అడుగడుగునా ఎదురవుతుంది.

ఖర్చు విషయానికి వస్తే, రైళ్లు, మెట్రో, ఆటోలు, టికెట్లు, రెండు పూటలా హోటల్లో మీల్స్, మధ్యలో కాఫీలు అన్నీ కలిపి ఇద్దరికీ 1,100 రూపాయలు దాటలేదు. ఆ యాత్రా సంస్థకు మేము ముందుగా కట్టింది 1,800. నడక మాత్రం బాగా ఎక్కువ. మోకాళ్ల నొప్పులున్నవారు మ్యూజియంలో అన్ని భవనాలనూ ఒకేసారి చూడాలని పెట్టుకోవద్దు. నీళ్ల సీసా, గట్టి అట్ట ఉన్న పుస్తకం, పెన్సిళ్లు తీసుకువెళ్లండి. బొమ్మ గీసుకోవడానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు, పైగా అమరావతి రాళ్ల దగ్గర కాపలా ఉన్న ఆవిడ తన కుర్చీని మా అమ్మాయికి ఇచ్చింది.

మా ఆయన ఇంకా ఔననలేదు, కాదనీ అనలేదు. పణిక్కర్ కథ చెప్పాను. “అందరూ పణిక్కర్లు అవుతారా?” అన్నారు. దరఖాస్తులు వచ్చేలోగా ఆయనను కూడా ఒకసారి ఆ శిల్ప విభాగానికి తీసుకువెళ్లాలని చూస్తున్నాను. ఈసారి ఉత్తరం తమిళంలో రాయించి సిద్ధంగా ఉంచాను.